ఆసుపత్రి ఇల్లు మారిన రోజు

మా ఆసుపత్రిలో బండి మామయ్యను ఎరగని వాళ్లు లేరు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. రోగుల్ని బండి మీద పడుకోబెట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోసుకెళ్లడం ఆయన పని. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. నేను కింది అంతస్తులో మందుల కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. రోజుకు నలభైసార్లయినా ఆయన నా ముందు నుంచి వెళ్లేవాడు. చక్రం కీచుమని అరిచిందంటే అది మామయ్య బండి కాదని తల ఎత్తకుండానే చెప్పేయొచ్చు.

మనిషి పొట్టి. మోచేతుల కింద కండలు మాత్రం తాళ్లు పేనినట్టుండేవి. తోసేటప్పుడు ముందుకు చూడడు, నేలకేసి చూస్తాడు. కొత్తగా వచ్చిన బంధువులకు అది చూస్తే గుండె జారిపోయేది. ఒకసారి ఒక పెద్దావిడ కాస్త ముందు చూసి నడవమని ఆయన మీద గట్టిగానే విసుక్కుంది. ఆయన ఆగకుండానే, "ముందున్న మనుషులు తప్పుకుంటారమ్మా. నేల తప్పుకోదు" అన్నాడు. ఆ రోజు బండి మీదున్నది ఆవిడ భర్తే. తుంటి ఎముక విరిగినవాడు. పై అంతస్తుకు చేరేదాకా ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కూడా నేలకేసి చూస్తూ ఆయన వెనకే నడిచింది.

మాది ఒక్క ఆసుపత్రి కాదు. ఒకే సంస్థ కింద పదకొండు ఆసుపత్రులు, ఎన్నో చిన్న వైద్యశాలలు, ఇరవై రెండు వేలమంది ఉద్యోగులు. అంత పెద్ద సంస్థలో పనిచేస్తున్నామన్న సంగతి మాలో చాలామందికి ఏదైనా కొత్త రూలు కాగితం వచ్చినప్పుడు తప్ప గుర్తొచ్చేది కాదు. మామయ్యకు మాత్రం దుప్పట్ల వల్ల గుర్తొచ్చింది. ఉతకడానికి దుప్పట్లు తీసుకెళ్లే లారీ డ్రైవర్ని ఒకరోజు ఊరికే అడిగాడట, ఇవన్నీ ఎక్కడికి పోతాయని. పదకొండు ఆసుపత్రుల దుప్పట్లూ ఒకేచోట కలిపి ఉతుకుతారనీ, తిరిగి వచ్చేటప్పుడు ఎవరివి ఎవరికన్న లెక్కేమీ ఉండదనీ డ్రైవర్ చెప్పాడు. మామయ్య రెండు రోజులు అదే ఆలోచించాడు. మూడో రోజు నా కిటికీ దగ్గర ఆగి, "అయితే నిన్న మనం కప్పిన దుప్పటి ఇవాళ ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి మీద ఉంటుందన్నమాట" అన్నాడు. ఏదో రహస్యం తెలిసినవాడిలా తల పంకిస్తూ వెళ్లిపోయాడు.

ఆ ఏడాదే కొత్త భవనం కట్టడం పూర్తయింది. పాతదానికి డెబ్భై ఏళ్లు. గోడల్లోని గొట్టాలు తుప్పు పట్టి, ఏ అంతస్తులో ఎప్పుడు నీళ్లు కారతాయో తెలిసేది కాదు. కొత్తది మా వీధి చివర, ఏడు వందల గజాల దూరంలో ఉంది. దూరం తక్కువే. చిక్కల్లా ఏమిటంటే, రోగులందర్నీ ఒక్కరోజులో మార్చాలి. సగం ఇక్కడా సగం అక్కడా పెడితే డాక్టర్లు, సిస్టర్లు, రక్తం, ఆక్సిజన్, వంటగది అన్నీ రెండేసి కావాలి. అందుకని ఒక ఆదివారం ఖాయం చేశారు. ఆ రోజుకు ఎంతమంది రోగులుంటే అంతమంది పొద్దున్న ఆరింటికి ఇక్కడ, సాయంత్రానికి అక్కడ.

ఈ పని చేయించడానికి పెద్దాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మేమంతా ప్లానింగ్ మేడమ్ అనేవాళ్లం. సన్నగా, ఎప్పుడూ పరుగుబూట్లతో, చెవి మీద పెన్సిల్‌తో ఉండేది. అంతకుముందు ఈ సంస్థలోనే మూడు ఆసుపత్రుల్ని ఇల్లు మార్పించిందని చెప్పుకునేవారు. వచ్చిన వారంలోనే విభాగాల పెద్దలందరితో సమావేశం పెట్టింది. బండి తోసేవాళ్లను ఎవరూ పిలవలేదు. పిలుస్తారని వాళ్లూ అనుకోలేదు.

తరవాత మేడమ్ ఒక పరీక్ష మొదలుపెట్టింది. ఖాళీ మంచం మీద అంచుదాకా నీళ్లు నింపిన బకెట్టు పెట్టి, మూడో అంతస్తు నుంచి కింది తలుపుదాకా తోయించేది. ఎక్కడెక్కడ ఎన్ని నీళ్లు ఒలికాయో చూసుకునేది. మొదటిరోజు కిందికి చేరేసరికి సగం బకెట్టే మిగిలింది. రెండో రోజూ అంతే. మంచం తోసేవాళ్లు నెమ్మదిగా వెళ్లడం లేదని ఒకాయన అన్నాడు, మంచానిదే తప్పని ఇంకొకాయన అన్నాడు. మామయ్య అప్పుడు పక్కనుంచి ఖాళీ బండితో వెళుతున్నాడు. ఆగాడు.

"ఆ లిఫ్టు వద్దు మేడమ్" అన్నాడు.

మేడమ్ తల తిప్పి, "ఎందుకని?" అంది.

"అది ఆగినట్టే ఆగి మళ్లీ వేలెడు కిందికి దిగుతుంది. మీ బకెట్టు ఒలికింది అక్కడే. కావాలంటే వెళ్లి చూసుకోండి."

ఆవిడ నిజంగానే వెనక్కి నడిచి వెళ్లింది. నాలుగో నంబరు లిఫ్టు గడప ముందు ఒక చిన్న మడుగు. తిరిగొచ్చి చెవి మీది పెన్సిల్ తీసింది.

"ఇంకా ఎక్కడెక్కడ ఒలుకుతాయి?"

"ఎక్కణ్నుంచి ఎక్కడికి తోస్తే?"

"అన్నిచోట్ల నుంచీ."

"అలాగైతే ఇవాళ ఒక్కరోజులో తెమిలే పని కాదండీ" అన్నాడు మామయ్య.

నాలుగు రోజులు పట్టింది. ఆయన ముందు, ఆవిడ వెనక. ప్రతి వార్డు, ప్రతి మలుపు, ప్రతి గడప. ఎక్స్‌రే గది ముందు పలకల మధ్య సందుంది, బండిని ఏటవాలుగా తిప్పి దాటించాలి. పిల్లల వార్డు మలుపులో నేల ఎడమవైపుకు వాలి ఉంటుంది, చూస్తే తెలియదు, తోస్తే తెలుస్తుంది. రెండో నంబరు లిఫ్టు మంచి లిఫ్టు, దానికి మాత్రం తొందర పనికిరాదు. ఇలా నలభై మూడు కుదుపులు లెక్క తేలాయి. మేడమ్ ప్రతిచోటా కూర్చుని కొలిచి రాసుకునేది. ఒకచోట ఆయన చెప్పిన కుదుపు ఆవిడ కొలబద్దకు అందలేదు. ఏమీ లేదు కదా అంది. ఆయన ఆవిడని బండి మీద పడుకోమని, కళ్లు మూసుకోమని, తోశాడు. లేచి రాసుకుంది.

అయిదో రోజు ఆయన్ని కొత్త భవనానికి తీసుకెళ్లింది. అక్కడి నేల అద్దంలా ఉంది. అంబులెన్స్ ఆగే చోటు నుంచి లిఫ్టుకు పోయే దారిలో మాత్రం, రెండు పలకలు కలిసేచోట ఒక ఇత్తడి పట్టీ వేశారు, చూడ్డానికి బావుంటుందని. మామయ్య దాని మీద పాదం పెట్టి అటూ ఇటూ కదిపాడు. ఇది తగులుతుందన్నాడు. కొత్త భవనం, కోట్లు పోసి కట్టింది, దానికి వంక పెట్టానే అని ఇంటికెళ్లాక ఒకటే కంగారు. అది సోమవారం. గురువారం పొద్దున్న మేడమ్ ఆయన్ని మళ్లీ అక్కడికి పిలిపించింది. ఇద్దరు మనుషులు మోకాళ్ల మీద కూర్చుని మిషన్‌తో ఆ పట్టీని నేలకు సమంగా అరగదీస్తున్నారు. మామయ్య చాలాసేపు కదలకుండా చూశాడట. తను నోటితో అన్న మాట ఎక్కడికో పైకి వెళ్లి, ఎవరెవరి బల్లల మీదుగానో తిరిగి, మూడు రోజుల్లో ఇద్దరు మనుషులై కిందికి దిగొచ్చింది. తనకు పదమూడు మెట్లు పైనున్న అధికారి కూడా దానిమీద సంతకం పెట్టి ఉంటాడు.

ఇంట్లో చెబితే భార్య కుట్టుమిషన్ ఆపలేదు. ఆవిడ బడిపిల్లల దుస్తులు కుట్టేది. "ఇన్నేళ్లుగా ఆ వంటింటి తలుపు బిగుసుకుపోతోంది, కాస్త చిత్రిక పట్టించండీ అని నేను మొత్తుకుంటే ఒక్కరోజు విన్నారా? మీరొక్క మాట అంటే వాళ్లు మూడు రోజుల్లో విన్నారు. ఆ సంస్థకి నన్నిచ్చి పెళ్లి చేసినా బావుండేది" అంది. ఆ మాట ఆయనే మర్నాడు నాకు చెప్పి నవ్వాడు. ఆ ఆదివారమే వడ్రంగిని పిలిపించాడు కూడా.

తరలింపుకి వారం ముందు అన్ని విభాగాలకూ ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. ఏ రోగి ఎన్నింటికి కదలాలి, ఎవరు వెంట ఉండాలి, ఏ తలుపు, ఏ లిఫ్టు అన్నీ అందులో ఉన్నాయి. ముప్ఫై ఒకటో పేజీ నుంచి మూడు పేజీలు "నేల" అనే అధ్యాయం. నలభై మూడు కుదుపులూ వరసగా అచ్చయ్యాయి. ఆయన వేలెడు అన్నది మిల్లీమీటర్లయింది, జానెడు అన్నది సెంటీమీటర్లయింది. ఏడో తరగతిదాకా చదివినవాడు కాబట్టి నెమ్మదిగా కూడబలుక్కుని చదివాడు. పుస్తకం నా కిటికీ మీద పెట్టి, "ఇది డాక్టర్లు కూడా చదువుతారా?" అని అడిగాడు. చదివి తీరాలి, చివర సంతకం పెట్టాలని చెప్పాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం రోగులు నూట తొంభై నలుగురు తేలారు. వీధి రెండువైపులా మూసేశారు. మునిసిపాలిటీ వాళ్లు ముందే వచ్చి స్పీడ్ బ్రేకర్లు తీసేసి, రోడ్డుకు ఎడమవైపున మంచం వెడల్పు మేర నున్నగా కొత్త తారు పోసి వెళ్లారు. తారు నల్లగా, ఇక్కణ్నుంచి అక్కడిదాకా ఒక్క గీతలా కనిపించేది. పొద్దున్న ఆరింటికి మొదటి రోగి కదిలాడు. తరవాత మూడున్నర నిమిషాలకొకరు. అంబులెన్సులు వరసగా వెళుతున్నాయి, ఖాళీగా వస్తున్నాయి. నా మందుల గది అంతకుముందు రోజే మారిపోయింది కాబట్టి నేను కొత్త భవనం తలుపు దగ్గర నిలబడి, వచ్చినవారి మందుల సంచీలు అందుకుంటున్నాను. అందరం అక్కడే ఉన్నాం, అయినా ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. అంతమంది మనుషులు అంత నిశ్శబ్దంగా పనిచేయడం నేను చూడడం అదే మొదటిసారి.

ఎనభై ఎనిమిదో నంబరు రోగి ఒక తాపీమేస్త్రీ. ముప్ఫై ఆరేళ్లవాడు. పరంజా మీద నుంచి పడి మెడ ఎముక విరిగింది. తలకు రెండువైపులా మరలు బిగించి, తల వెనక కప్పీ మీదుగా బరువులు వేలాడదీసి, మెడ కదలకుండా నలభై రోజులుగా పడుకోబెట్టారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడంతో ఆపరేషన్ వాయిదా పడుతూ వచ్చింది. కాళ్లూ చేతులూ ఇంకా కదులుతున్నాయి. మెడ ఒక్కసారి గట్టిగా అదిరితే ఇక ఎప్పటికీ కదలకపోవచ్చు. ఆ మంచం ఏ అంబులెన్సులోనూ పట్టదు. అందుకని మంచంతో సహా చేత్తో తోసుకుంటూ తీసుకెళ్లాలి. ఎవరు తోయాలో ఐసీయూ పెద్ద సిస్టర్ ఎప్పుడో నిర్ణయించుకుంది. పుస్తకంలో ఎనభై ఎనిమిదో నంబరు ఎదురుగా మామయ్య ఉద్యోగి నంబరుంది.

పదకొండింటికి బయల్దేరారు. మామయ్య తల దగ్గర, ఇంకో అయిదుగురు చుట్టూ, ఎముకల డాక్టరు బరువుల పక్కన, పెద్ద సిస్టర్ కాళ్ల దగ్గర. రెండో నంబరు లిఫ్టు ముందుకొచ్చారు. తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. మళ్లీ మూసి తెరిచారు, అంతే. పొద్దున్నుంచి నలభైమందిని దింపిన లిఫ్టు. మిగిలినవాటిలో ఈ మంచం పట్టేది నాలుగో నంబరు ఒక్కటే.

సిస్టర్ నడుముకున్న వాకీటాకీలో గొంతు వినిపించింది. అవతలి భవనంలో తరలింపంతా నడిపిస్తున్న గది నుంచి ఒక అమ్మాయి అడుగుతోంది, ఎనభై ఎనిమిది నాలుగో లిఫ్టులో వెళ్లొచ్చా అని. డాక్టరు మామయ్యకేసి చూశాడు. సిస్టర్ కూడా. అన్నేళ్లలో డాక్టరు తనకు చెప్పడమే గానీ తనని అడగడం లేదు.

"వద్దండీ" అన్నాడు. "వెనక ర్యాంపు మీదుగా దిగుదాం."

ఆ ర్యాంపు లిఫ్టులు రాకముందు కట్టింది. మూడు అంతస్తులూ చుట్టి దిగుతుంది. సిమెంటు నేల నున్నగానే ఉంటుంది గానీ వాలు ఎక్కువ, బండి చేయి జారితే ఆపలేరు. అందుకే ఏళ్ల కిందటే దాని మీద రోగుల్ని దింపడం మానేశారు. మురికి దుప్పట్ల తోపుడుబళ్లు మాత్రం నడిచేవి. మామయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని మీదే పని నేర్చుకున్నాడు. ఎంతసేపు పడుతుందని డాక్టరు అడిగితే, అరగంట అన్నాడు. మూడున్నర నిమిషాలకొకరు కదులుతున్న రోజున అరగంట.

సిస్టర్ ఆ మాట వాకీటాకీలో చెప్పింది. అవతలి నుంచి ఆ అమ్మాయి గొంతు, ఏ మార్పూ లేకుండా వచ్చింది. "సరే. ఎనభై ఎనిమిది ర్యాంపు. మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు తీసుకోండి. మిగతావాళ్ల సంగతి మేం చూసుకుంటాం."

నాలుగు దుప్పట్లు మెలిపెట్టి తాళ్లలా చేసి మంచం పైవైపు కట్టారు. నలుగురు వాటిని పట్టుకుని వెనక్కి లాగుతూ ఉండాలి. కాళ్లు కిందివైపు, తల పైవైపు. మామయ్య ముందుకొచ్చి, కిందివైపు మంచానికి ఎదురుగా నిలబడి, తన ఛాతీ ఆనించి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఒక అడుగు, ఆగడం. ఒక అడుగు, ఆగడం. ప్రతి పది అడుగులకూ డాక్టరు అడిగేవాడు, కాలివేళ్లు కదిలించమని. దుప్పటి కింద వేళ్లు కదిలేవి. అవి సరిగ్గా మామయ్య మొహానికి ఎదురుగా ఉన్నాయి. ఆ అరగంటా తను లోకంలో ఇంకేమీ చూడలేదన్నాడు. పది వేళ్లు, అంతే.

మేస్త్రీ మాత్రం పైకప్పు చూస్తున్నాడు. వేరే ఏదీ చూడలేడు కదా. రెండో మలుపులో మెల్లగా అన్నాడు.

"మామయ్యా, ఇది కట్టినవాడెవడో గానీ పనిమంతుడు. మలుపు తిరిగినా ఎక్కడా గీత వంకర పోలేదు."

"నువ్వు మాట్లాడకు మేస్త్రీ."

"భయమేస్తుంటే మాట్లాడతాను. అలవాటు."

"అయితే మాట్లాడు. తల మాత్రం ఊపకు."

"ఊపుదామన్నా ఊగదుగా" అన్నాడు మేస్త్రీ. తాళ్లు పట్టుకున్నవాళ్లలో ఒకడికి నవ్వొచ్చి, సిస్టర్ చూసేసరికి ఆపుకున్నాడు.

మొదటి అంతస్తు దగ్గరికొచ్చేసరికి మామయ్య నడుం పట్టేసింది. చెప్పలేదు. ఆయనకున్న బాధ నడుం కాదు. వాకీటాకీలో వరసగా నంబర్లు వినిపిస్తున్నాయి. ఎనభై తొమ్మిది తూర్పు తలుపుకు. తొంభై నాలుగు ముందు, తొంభై తరవాత. మూడో అంబులెన్సు పిల్లల వార్డుకు. రెండో ఆపరేషన్ గది పదిహేను నిమిషాలు ఆగాలి. తన ఒక్క మాట వల్ల ఇదంతా చెల్లాచెదురైపోతోందని ఆయన అనుకున్నాడు. ఎక్కడో ఎవరికో ఏమైనా అయితే అది తన నెత్తినే పడుతుంది. అయినా అడుగు తొందరపడలేదు.

ముప్ఫై ఒక్క నిమిషాలకు కింది నేల తగిలింది. వేళ్లు కదిలాయి.

వెనక తలుపు తీసి బయటికి రాగానే ఎండ మొహం మీద పడి మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. తరవాత తెరిచాడు. నలభై రోజులుగా తెల్ల సున్నం తప్ప వేరేది చూడని కళ్లవి. నీలంగా, ఒక మబ్బు కూడా లేకుండా, ఎటు చూసినా ఆకాశమే. మంచం నల్ల తారు మీద మెత్తగా సాగుతోంది. మేస్త్రీ మాట్లాడడం మానేశాడు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకునే వీలు లేదు. సిస్టర్ వంగి తుడిచింది.

సగం దూరంలో, "ఒక్క నిమిషం ఆపుతారా?" అని అడిగాడు.

మామయ్య డాక్టరుకేసి చూశాడు. డాక్టరు చేతి గడియారం చూసుకుని, వాకీటాకీ చూసి, చివరికి తల పైకెత్తి తనూ ఆకాశం చూశాడు. ఆపండి అన్నాడు. ఎనిమిదిమంది మనుషులూ వీధి మధ్యలో ఒక మంచం చుట్టూ నిలబడి తలలు పైకెత్తారు. పక్క నుంచి అంబులెన్సు ఒకటి చప్పుడు చేయకుండా వెళ్లింది. కొత్త భవనం తలుపు దగ్గర నుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఏమైందో అర్థం కాక నేనూ పైకి చూశాను.

తలుపు దగ్గర మేస్త్రీ భార్య ఎదురుచూస్తోంది. మంచం లోపలికొచ్చాక డాక్టరు చివరిసారి అడిగాడు. పది వేళ్లూ కదిలాయి. అప్పుడు గానీ మామయ్య కింద కూర్చోలేదు. గోడకు ఆనుకుని కాళ్లు చాపేశాడు. నేను మంచినీళ్లు ఇస్తే తాగకుండా, వాకీటాకీలో మాట్లాడిన ఆ అమ్మాయి ఎక్కడుంటుందని అడిగాడు. క్షమాపణ చెప్పుకోవాలట.

నేనే తీసుకెళ్లాను. రెండో అంతస్తులో పెద్ద గది. గోడ నిండా నూట తొంభై నాలుగు చిన్న పలకలు, ఒక్కో రోగికి ఒకటి. చేరినవాళ్ల పలక పచ్చగా మారుతుంది. ఇరవైమంది చెవులకు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు, గొంతు బట్టి పెద్దదనుకున్నాం. తన వల్ల అంతా తలకిందులైందని మామయ్య చెప్పబోతే, ఆ అమ్మాయి లేచి నిలబడి గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఎనభై ఎనిమిది ఆగిన క్షణం నుంచి ఏం జరిగిందో వేలితో చూపించింది. పంతొమ్మిదిమందికి దారులు మారాయి. పిల్లల వార్డు మధ్యాహ్నం కదలాల్సింది ముందుకు జరిగింది. ఖాళీగా తిరిగొస్తున్న అంబులెన్సులు వెనక వీధిలోకి మళ్లాయి. లిఫ్టు మెకానిక్ ఆ సమయంలోనే రెండో నంబరు బాగుచేశాడు. మేస్త్రీ కిందికి దిగేసరికి మొత్తం తరలింపు ఆలస్యమైంది నాలుగు నిమిషాలు.

"నాలుగా?" అన్నాడు మామయ్య.

"నాలుగే. అవి కూడా మధ్యాహ్నానికి సర్దుకుంటాయి."

ఆయన ఆ గోడ ముందే నిలబడిపోయాడు. తను ర్యాంపు మీద ఒక్కో అడుగు వేస్తున్నప్పుడు, తనకు తెలియని పంతొమ్మిది మంచాలు, వాటి వెనక వందమంది మనుషులు, ఒక్కరు కూడా ఎందుకని అడగకుండా, పక్కకు జరిగి తనకు చోటిచ్చారు. పలకలు ఒక్కొక్కటే పచ్చబడుతుంటే గుడ్లప్పగించి చూశాడు. "ఇంతుందా" అని మాత్రం అన్నాడు. తరవాత తిరిగి పనిలోకి వెళ్లాడు. ఇంకా నూరుమంది మిగిలి ఉన్నారు.

సాయంత్రం అయిదు దాటాక పన్నెండు నిమిషాలకు ఆఖరి పలక పచ్చబడింది. ప్లానింగ్ మేడమ్ మైకులో నూట తొంభై నాలుగు అని చదివింది. అందరూ క్షేమం అంది. ఆ గదిలో చప్పట్లు కొట్టడానికి కూడా ఎవరికీ చేతులు లేవలేదు. కొందరు బల్లల మీద తలలు వాల్చేశారు.

మేస్త్రీకి పన్నెండు రోజుల తరవాత ఆపరేషన్ అయింది. అయిదు నెలలకు కర్ర ఊతంతో నడిచి ఇంటికి వెళ్లాడు. ఇక పరంజా ఎక్కే పని లేదు, కింద నిలబడి నేల పనులు చేయిస్తున్నాడని విన్నాం. మామయ్య మాత్రం కొత్త భవనంలో మొదటివారం రెండుసార్లు దారి తప్పాడు. ఒకసారి ఎక్స్‌రేకి తీసుకెళ్లాల్సిన ముసలాయన్ని వంటగదిలోకి తోసుకెళ్లాడు. అక్కడివాళ్లు ఆయనకు టీ ఇచ్చి పంపించారు.

ఏడాది తిరగకుండానే పెద్దాఫీసు నుంచి ఆయన పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. సంస్థలో ఇంకో ఊరి ఆసుపత్రి కూడా ఇల్లు మారబోతోంది, వారం రోజులు వచ్చి అక్కడి నేల చూసిపెట్టమని ప్లానింగ్ మేడమ్ రాసింది. ఆయన ఊరు దాటి వెళ్లడం పెళ్లికి తప్ప ఎన్నడూ లేదు. భార్య సంచీ సర్దింది, కొత్త చొక్కా కుట్టి పెట్టింది. అక్కడైనా ముందు చూసి నడవండీ అని బస్సు ఎక్కించింది.

అక్కడ జరిగింది ఆయన తిరిగొచ్చాక చెప్పాడు. ఆ ఆసుపత్రి గేటు దాటగానే కాళ్లు ఆగిపోయాయట. అదే మందుల వాసన. అవే పచ్చ గోడలు. బళ్ల మీద అవే దుప్పట్లు, అంచున అదే ముద్ర. ఎక్కడా ఒక్క మొహమూ తెలియదు, కానీ ప్రతి చేతిలోనూ ఉన్న పని తెలుసు. ఇలాంటివి ఇంకా తొమ్మిది ఉన్నాయి కదా అనుకుంటే ఒళ్లు గగుర్పొడిచిందన్నాడు. మేడమ్ కొలబద్ద పట్టుకుని సిద్ధంగా ఉంది. ఎక్కణ్నుంచి మొదలుపెడదామని అడిగింది.

అప్పుడే ఒకామె బండి తోసుకుంటూ వాళ్ల పక్క నుంచి వెళ్లింది. నలభై అయిదేళ్లుంటాయి, జుట్టు బిగించి ముడివేసుకుంది. మలుపు దగ్గర బండిని కొంచెం ఏటవాలుగా తిప్పి, చక్రం చప్పుడు కాకుండా దాటించింది. ముందుకు చూడలేదు, నేలకేసే చూసింది. మామయ్య ఆమె బండి మీది రోగిని దించి తిరిగి వచ్చేదాకా గోడపక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఇక్కడ ఎన్నేళ్లుగా తోస్తున్నావు?" అని అడిగాడు.

"పద్దెనిమిది. ఎందుకన్నయ్యా?"

"ఈ నేల నాకేం తెలుస్తుంది. నువ్వు చూపించు" అన్నాడు.

ఆమె మేడమ్‌కేసి, కొలబద్దకేసి, ఈ కొత్త చొక్కా మనిషికేసి ఒకసారి చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు నడిచింది. ఇద్దరూ ఆమె వెనక వెళ్లారు.